అరవయ్యో పేరు

చచ్చిపోయిన మనిషికి పురసభ కృతజ్ఞతలు చెప్పిన దగ్గర కదా కిందటి వారం ఆగాం. చదవనివాళ్ళ కోసం, చదివి మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

తోప్లి కామెన్ ఊరి నడిబొడ్డున వేడినీటి ఊట ఉంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళూ, కడుపులో మంట ఉన్నవాళ్ళూ, ఏమీ లేకపోయినా ఊసుపోనివాళ్ళూ పొద్దున్నే డబ్బాలు పట్టుకుని అక్కడ చేరతారు. ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు. ఆ ఊటను ముప్పై అయిదేళ్ళ పాటు నీళ్ళ సీసాల కంపెనీకి అప్పగించమని ‘మన సభ’లోకి ఒక విన్నపం వచ్చింది. ‘మన సభ’ అంటే ఊరివాళ్ళు తాము ఎన్నుకున్న కౌన్సిలర్లను నేరుగా అడగడానికి పెట్టుకున్న వెబ్‌సైట్. ప్రశ్న వేస్తే పద్నాలుగు రోజుల్లో జవాబివ్వాలి. ఏ విన్నపానికైనా అరవై మంది మద్దతు వస్తే పురసభ దాన్ని ఓటుకు పెట్టి తీరాలి. అరవై నిండేదాకా లెక్క ఒక్కటే కనిపిస్తుంది, నిండాక పేర్లన్నీ బయటపడతాయి.

గురువారం పొద్దున శ్మశానంలో ముసలి ఓర్లిన్‌కి నలభయ్యో రోజు చేస్తున్నారు. ఆయన భార్య నేదా ఉడికించిన గోధుమలు పంచుతూ ఉండగా ఆమె కొంగులో ఫోను మోగింది. ‘గౌరవనీయులైన ఓర్లిన్ గారూ, మీరు నిన్న ఇచ్చిన మద్దతుతో ఊట విన్నపానికి అరవై నిండింది. కృతజ్ఞతలు, మీ గొంతు మాకు వినిపించింది’ అని ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు తమ తమ ఫోన్లు తీశారు. జాబితాలో ఎవరి పేరు వాళ్ళకు కనిపించింది. నేను పెట్టలేదంటే నేను పెట్టలేదన్నారు. ఆ ఖాతాల్లో చాలామటుకు తెరిచిపెట్టింది పఠనాలయం చూసుకునే వెలిచ్కా. నేదా ఆమె వైపు తిరిగి, “మట్టిలో ఉన్న మనిషి చేత చెయ్యెలా ఎత్తించావమ్మా?” అని అడిగింది. వెలిచ్కా గోధుమల పొట్లం పట్టుకుని పఠనాలయానికి బయల్దేరింది. అదీ సంగతి.

ఇక చదవండి.

*

పఠనాలయం తలుపు తీసేసరికి పదకొండు దాటింది. వెలిచ్కా కోటు కూడా విప్పకుండా కంప్యూటర్ ముందు కూర్చుంది. చేతిలో ఇంకా ఆ గోధుమల పొట్లం ఉంది. నేదా అందరికీ పెట్టినట్టే ఆమెకూ పెట్టింది, అడగాల్సింది ఆ తరవాతే అడిగింది. చనిపోయినవాళ్ళ పేరిట ఇచ్చింది పారెయ్యకూడదు కాబట్టి వెలిచ్కా ఒక్కో గింజా నోట్లో వేసుకుంటూ జాబితా చదివింది.

అరవై పేర్లు. పక్కన తేదీ, వేళ. యాభై నాలుగు పేర్లు ఆమె చేతులతో తెరిచిన ఖాతాలే. మూడేళ్ళ కింద ‘మన సభ’ వచ్చినప్పుడు ఊళ్ళో ముసలివాళ్ళు, మాకెందుకమ్మా ఈ మీటలూ గీటలూ అని మొహం తిప్పుకున్నారు. ఒక్కొక్కళ్ళనీ బతిమాలి, టీ ఇచ్చి, కళ్ళజోడు తుడిచి పెట్టి నేర్పింది. ఆస్పత్రి బస్సు మళ్ళీ వేయించింది ఆ ముసలివాళ్ళే. బడి దగ్గర దీపాలు పెట్టించింది వాళ్ళే. అడిగితే పలుకుతారు అనే నమ్మకం ఈ ఊళ్ళో పుట్టిందంటే కంప్యూటర్ ముందరి ఆ చెక్క కుర్చీలోనే పుట్టింది. ఇవాళ ఆ నమ్మకాన్నే శ్మశానంలో పాతేసి వచ్చినట్టయింది.

జాబితాలో ఒక సంగతి ఆమెకు పొద్దున కనపడలేదు, ఇప్పుడు కనపడింది. పేర్లన్నీ బుధవారాలవే. మూడు బుధవారాలు, పదింటి నుంచి మధ్యాహ్నం దాకా. బుధవారం వెలిచ్కా కొత్త పుస్తకాల కోసం జిల్లా కేంద్రానికి వెళ్తుంది. ఆ రోజు పాటలవాళ్ళ సాధన ఉంటుంది కాబట్టి పఠనాలయం తెరిచే ఉంచాలి. ఆమె మొగుడు స్తోయిల్ వచ్చి తలుపు తీసి, కిటికీ పక్కన చదరంగం పరుచుకుని కూర్చుంటాడు. ఓర్లిన్ పేరు చిట్టచివరిది. నిన్న, బుధవారం, పదకొండూ నలభై.

స్తోయిల్‌కి ఫోన్ చేసింది.

“నిన్న కంప్యూటర్ దగ్గర ఎవరు కూర్చున్నారు?”

“ఏమో. ఆటలో ఉన్నాను. నా మంత్రి పోయేట్టుంది, కంప్యూటర్ చూస్తానా?”

“ఎవరో ఒకరు కూర్చుని ఉండాలి కదా.”

“పాటలవాళ్ళు ఇరవై మంది వస్తారు పోతారు. నువ్వు ముందు ఏదన్నా తిను. ఈ ఊరివాళ్ళ మాటలకి కడుపు మాడ్చుకోకు.”

ఆ చివరి మాటకు ఆమెకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఊరంతా వేలెత్తి చూపుతుంటే తిన్నావా అని అడిగినవాడు ఒక్కడే మరి.

ఫోన్ పెట్టిందో లేదో మళ్ళీ మోగింది. కౌన్సిలర్ దోబ్రిన్. విన్నపం వేసింది ఆయన బావమరిదే. ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

“వెలిచ్కా గారూ, నాకు మీ మీద అనుమానం లేదు,” అన్నాడు దోబ్రిన్. “కానీ అనుమానం లేదని రాతలో ఇవ్వలేను కదా. రేపు పదింటికి సభ. ఆ లోపల ఓర్లిన్ గారి పేరు ఎవరు పెట్టారో మీరు రుజువుతో చెప్తే దాన్ని కొట్టేస్తాం. అరవైకి ఒక్కటి తగ్గినా విన్నపం పడిపోతుంది. మీకు కావాల్సిందీ అదే కదా.”

“చెప్పలేకపోతే?”

“చెప్పలేకపోతే ఆ ఖాతాల తాళాలు మీ చేతిలో ఉన్నాయని రాసుకోవాల్సొస్తుంది. అప్పుడు పఠనాలయంలో తెరిచినవన్నీ మూసేస్తారు, ఊట సంగతి మాత్రం ఓటుకి వెళ్తుంది. చట్టం అలా ఉంది, నేనేం చెయ్యను?”

ఎంత మర్యాదగా అన్నాడో చూడండి. గొంతు కోసేవాడు కత్తి తుడిచి మరీ పట్టుకున్నట్టు ఉంది. వెలిచ్కాకి ఒళ్ళు మండింది. ఇతనే చేయించి ఇతనే అడుగుతున్నాడని అప్పటికప్పుడు తీర్మానించేసుకుంది.

కానీ ఎలా చేయించాడు? అక్కడే ఆమె చేసిన తప్పు ఆమెకే అడ్డం తిరుగుతోంది.

తాళం మాటలు, అదే పాస్‌వర్డ్‌లు, ముసలివాళ్ళకు గుర్తుండవు కదా అని వెలిచ్కా ఒక ఉపాయం చేసింది. మనిషి మరిచిపోనిది ఏమిటి? పుట్టినరోజైనా మరుస్తాడు గానీ తన పేరున్న పుణ్యాత్ముడి పండుగ మరవడు. ఆ రోజు పిలవకపోయినా ఊరు ఊరంతా ఇంటికొస్తుంది, బల్ల నిండా పెట్టాలి. అందుకని ఎవరి పేరు పక్కన వాళ్ళ పండుగ తేదీ, అంతే తాళం. నికోలా అయితే డిసెంబర్ ఆరు. దిమితర్ అయితే అక్టోబర్ ఇరవై ఆరు. పూల పేర్లవాళ్ళందరికీ ఏటేటా తేదీ మారే మట్టల ఆదివారం కాబట్టి ఆ పండుగ పేరే. ఎంత తెలివైనదాన్నని అప్పట్లో మురిసిపోయింది. ఈ ఊళ్ళో ఒకడి పేరు తెలిస్తే వాడి పండుగ పసిపిల్లకు కూడా తెలుసన్న సంగతి ఆ మురిపెంలో తట్టలేదు. ఇంటికి తాళం వేసి చెవి గుమ్మానికే వేలాడదీయడమంటే ఇదే.

అంటే ఎవరైనా చేసి ఉండొచ్చు. దోబ్రిన్, అతని బావమరిది, కంపెనీ మనిషి, పాటలవాళ్ళలో ఎవరైనా. రుజువెక్కడ దొరుకుతుంది?

గోధుమలు అయిపోయాయి. ఖాళీ పొట్లం మడుస్తూ, దాని మీద అంటించిన కాగితంలో ఓర్లిన్ బొమ్మ చూసింది. టోపీ పెట్టుకుని నవ్వు ఆపుకుంటున్న మొహం. కింద పేరు. ఆ పేరు రెండోసారి చదివినప్పుడు వెలిచ్కా చెయ్యి ఆగిపోయింది.

ఓర్లిన్‌కి పండుగ లేదు.

*

నేదా ఇంటి వెనక పెరట్లో ఎర్రటి లావు మిరపకాయలు కుప్పలుగా ఉన్నాయి. పక్కింటివాళ్ళు కాల్చి తెచ్చి పెట్టి వెళ్ళారు. మొగుడి నలభయ్యో రోజైనా సరే, సెప్టెంబర్ మిరపకాయలు ఎవరి కోసమూ ఆగవు. నేదా నల్లబట్టల్లో ముక్కాలిపీట మీద కూర్చుని, ఒక్కో కాయ తీసి మాడిన తొక్క వలిచి గిన్నెలో వేస్తోంది. వెలిచ్కాని చూసి లేవలేదు, కూర్చోమనీ అనలేదు.

“తాళాలు ఇచ్చేసి పోదామని వచ్చావా?”

“ఒక మాట అడగాలని వచ్చాను పిన్నీ.”

“పొద్దున నలుగురిలో నేను అడిగాను. నువ్వు చెప్పలేదు. ఇప్పుడు నువ్వు అడిగితే నేను చెప్పాలా?”

“ఓర్లిన్ బాబాయి పండుగ ఏ రోజు?”

తొక్క సగం వలిచిన కాయ నేదా చేతిలోనే ఉండిపోయింది.

“ఆయనకు పండుగెక్కడిది?” అంది. “మా మామగారు గద్ద పేరు పెట్టాడు. గద్దల్లో పుణ్యాత్ములు ఉండరు. డెబ్భై తొమ్మిదేళ్ళు అందరి ఇళ్ళకీ వెళ్ళి తిని వచ్చాడు గానీ తన ఇంట్లో ఒక్కనాడు పెట్టింది లేదని నీ మొగుడే ఏడిపించేవాడు.”

“ఊరికి తెలిసింది అంతే. నాకు తెలిసింది వేరే ఉంది. ఆయన ఖాతా తెరిచిన రోజు మీకు పండుగ లేదు కదా బాబాయ్, ఏ తేదీ పెట్టమంటారని అడిగాను. ఆయన గదిలో ఎవరూ లేరని చూసుకుని నా చెవిలో చెప్పారు.”

“ఏం చెప్పాడు?”

“అక్టోబర్ పదిహేడు.”

నేదా కాయను గిన్నెలో వేసి చేతులు కొంగుకు తుడుచుకుంది. చాలా సేపు తుడుచుకుంది.

“చెప్పేశాడన్నమాట ముసలాడు,” అంది. గొంతు కొంచెం మెత్తబడింది. “యాభై ఏళ్ళు నా నోరు కట్టేసి, చివరికి నీకు చెప్పాడు.”

ఆ సంగతి ఏమిటో వెలిచ్కాకి ఓర్లిన్ చెప్పనే చెప్పాడు. కుర్రతనంలో ఆయన ఊరి స్టేషన్లో జెండా ఊపే పనిలో ఉండేవాడు. ఎక్స్‌ప్రెస్ బండి ఈ ఊళ్ళో ఆగదు. ఒక అక్టోబర్ పదిహేడున ఆదమరిచి పచ్చజెండాకి బదులు ఎర్రజెండా చూపించాడు. బండి ఆగింది. ఆ బండిలో మేనత్త ఇంటికి పోతున్న నేదా నీళ్ళు పట్టుకుందామని కూజాతో ఊట దగ్గరికి దిగింది. తిరిగొచ్చేసరికి బండి లేదు. మర్నాటి బండి దాకా ఆమెను ఏం చెయ్యాలో తెలియక ఓర్లిన్ వాళ్ళమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆ మర్నాటి బండి ఆమె ఎక్కలేదు. సిగ్నల్ పాడయిందని రైల్వేవాళ్ళకి రాసిచ్చాడు కాబట్టి, అసలు సంగతి తెలిస్తే పింఛను కోస్తారేమోనని చచ్చేదాకా భయపడ్డాడు. అందుకే ఎవరికీ చెప్పలేదు.

“పిన్నీ, నేను తాళాలు రాసుకున్న నోట్‌బుక్‌లో ఆయన పేరు పక్కన గీత మాత్రమే ఉంది. రాయొద్దన్నారు, రాయలేదు. మిగతా వాళ్ళ తాళాలు ఊరందరికీ తెలుసు. ఈ ఒక్కటి మాత్రం తెలిసినవాళ్ళం ముగ్గురమే. ఆయన పోయారు. నేను పెట్టలేదు.”

“అంటే నేను పెట్టానంటావు.”

వెలిచ్కా తల వంచుకుంది. దారి పొడుగునా ఆమె అనుకుంటూ వచ్చింది అదే మరి. గుమ్మడికాయల దొంగ అంటే ముందుగా భుజాలు తడుముకున్నది ఎవరు? నలుగురిలో గట్టిగా అరిచింది ఎవరు?

“మీ మనవడికి కంపెనీలో లారీ ఇస్తామన్నారని విన్నాను,” అంది నెమ్మదిగా.

“సరిగ్గానే విన్నావు. ఇస్తామన్నారు. వాడు సరేనన్నాడు. నేను వద్దన్నాను. ఆ నీళ్ళ కోసం దిగి ఈ ఊళ్ళో ఉండిపోయినదాన్ని, ఆ నీళ్ళు అమ్మి మనవడికి లారీ కొనిపెట్టనా? వాడు నాతో మాట్లాడ్డం మానేసి పద్దెనిమిది రోజులయింది, లెక్కపెట్టుకుంటున్నా. ఇది విన్నావా ఎక్కడైనా?”

వినలేదు. నేదా కొంగులోంచి ఫోన్ తీసి బల్ల మీద విసిరింది. అంకెల మీటల ఫోను. మూడు మీట మీద గీతలు పడి అంకె చెరిగిపోయింది.

“దీంట్లో మీ సభ తెరిచి చూపించు. సందేశాలు వస్తాయి, మనుషులు మాట్లాడతారు, ఇంకేం చెయ్యదిది. ఇక నిన్న పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నేను ఈ పీట మీదే కూర్చుని గోధుమలు ఏరుతున్నాను. అటు పక్కన చర్చి పూజారి గారి భార్య, ఇటు పక్కన మా తోడికోడలు. వెళ్ళి అడుగు. అడగవే, ఎందుకు నిలబడ్డావు?”

“అక్కర్లేదు పిన్నీ.”

“అక్కర్లేదా? పొద్దున నిన్ను నేను అన్నాను, ఇప్పుడు నన్ను నువ్వు అన్నావు. ఇద్దరం సరిపోయాం. ఇక కూర్చో.”

వెలిచ్కా కూర్చుంది. నేదా ఆమె ముందుకు ఒక చాకు తోసింది. ఇద్దరూ తొక్కలు వలవడం మొదలుపెట్టారు. చేతులకు పనుంటే తప్ప ఆ ఊరి ఆడవాళ్ళకు నోరు పెగలదు, కోపం దిగదు.

“నేను ఎవరికీ చెప్పలేదు,” అంది నేదా. “మా అక్కకి కూడా. నువ్వు?”

“నేనూ చెప్పలేదు.”

“పఠనాలయంలో ఎవరికీ?”

“ఒట్టు.”

“కట్టుకున్నవాడికీ?”

మొగుడికి చెప్పడం చెప్పడం కిందికి రాదని వెలిచ్కా ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చింది. కొందరంతే. ఊరందరి రహస్యాలూ కడుపులో దాచుకుని, రాత్రి కంచం దగ్గర ఒక్కడి ముందు కుమ్మరిస్తారు. అది బయటపెట్టినట్టు వాళ్ళకు తోచదు.

కిందటి చలికాలం. చిక్కుడుగింజల చారు. ఓర్లిన్ ఎర్రజెండా కథ చెప్తూ చెప్తూ ఆమెకు నవ్వాగలేదు. స్తోయిల్ చెంచా కింద పెట్టి కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఆ తరవాత అన్నాడు, “అక్టోబర్ పదిహేడా? మన పెళ్ళికి సరిగ్గా ముందురోజు. ఇక ఈ జన్మకి మరిచిపోను.”

చాకు వేలికి తగిలింది. పెద్దగా తెగలేదు. మిరప రసం తగిలి భగ్గుమంది.

నేదా ఆ వేలూ చూసింది, ఆ మొహమూ చూసింది. అడగలేదు. ఇంటిదొంగను దేవుడైనా పట్టలేడంటారు గానీ, ఇల్లాలి మొహం చూసి పట్టేసే ముసలమ్మలు ఉంటారు.

“చెప్పావు,” అంది.

వెలిచ్కా వేలు నోట్లో పెట్టుకుంది.

“స్తోయిల్ నాకు కొడుకులాంటివాడని చెప్పుకునేదాన్ని,” అంది నేదా. “శవపెట్టె మోసిన నలుగురిలో వాడొకడు. వద్దన్నా వినలేదు, ముందు కొస వాడే పట్టాడు. మెట్లు దిగుతుంటే, మెల్లిగా, మెల్లిగా, బాబాయికి కుదుపు తగలకూడదు అన్నాడు. నేను విన్నాను.”

“నాకు ఇంకా తెలియదు పిన్నీ. అడిగి చూస్తాను.”

“అడుగు. నేను వాడి మీద పోలీసుల దగ్గరికి పోను. నాకు వాడి జైలు అక్కర్లేదు. నా మొగుడి పేరు ఆ కాగితం మీంచి పోవాలి, ఎలా వచ్చిందో అందరికీ తెలిసి మరీ పోవాలి. ఆయన ఊట అమ్మమన్నాడని రేపు ఒక్కడు అనుకున్నా నేను తట్టుకోలేను. పదింటికి సభలో నువ్వు లేచి చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

వెలిచ్కా జవాబు చెప్పేలోగా వాన చినుకులు పడ్డాయి. ఇద్దరూ లేచి మిరపకాయల గిన్నెలు చూరు కిందికి లాగారు. వీధిలో కారు హారన్ మోగింది, రెండుసార్లు, చిన్నగా. ఆ హారన్ వెలిచ్కాకి తెలుసు.

“వచ్చాడు,” అంది నేదా. “నువ్వు తడవకూడదని.”

*

స్తోయిల్ లోపలి నుంచి తలుపు తెరిచి పట్టుకున్నాడు. సీటు మీద ఆమె శాలువా ఉంది, వెచ్చగా ఉండాలని హీటర్ దగ్గర పెట్టి తెచ్చినట్టున్నాడు. వెలిచ్కా ఎక్కి కూర్చుంది. శాలువా కప్పుకోలేదు.

“పెద్దావిడ శాంతించిందా?” అన్నాడు తాళం తిప్పబోతూ.

“కారు తియ్యకు.”

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గేటు దగ్గర నేదా నిలబడి ఉంది. తల మీద గోనెసంచి కప్పుకుని, వానలోనే, ఇటు చూస్తూ.

“నిన్న నీ మంత్రి పోయిందా?” అని అడిగింది వెలిచ్కా.

“ఏమిటి?”

“చదరంగంలో. పదకొండూ నలభైకి ఆటలో ఉన్నానన్నావు కదా. ఎవరితో ఆడావు?”

స్తోయిల్ అద్దానికి పట్టిన ఆవిరి మోచేత్తో తుడిచాడు. ముప్పై ఒక్క ఏళ్ళ కాపురం. అతను అబద్ధం వెతుక్కునేటప్పుడు ఎడమ చెవి లాక్కుంటాడు. ఇప్పుడు లాక్కోలేదు. అది చూసి ఆమెకు ఇంకా భయం వేసింది.

“ఎవరితోనూ ఆడలేదు,” అన్నాడు. “నేనే పెట్టాను.”

ఆమె ఏడుస్తుందనుకున్నాడేమో, ఏడవలేదు.

“ఎందుకు?”

“కంపెనీకి కాపలా మనిషి కావాలి. ఆరేళ్ళయింది నేను పనికి వెళ్ళి. ఊళ్ళో నన్ను ఏమంటారో నీకు తెలుసా? పఠనాలయం మొగుడంటారు. వెనక కాదు, మొహం మీదే. నువ్వు ఏనాడూ ఒక్క మాట అనలేదు, అది ఇంకా కష్టంగా ఉంటుంది.”

“దానికి చచ్చినవాడి పేరు దొరికిందా నీకు? పెట్టె మోశావు కదా స్తోయిల్.”

“బతికున్నవాడి పేరు పెడితే వాడు అడుగుతాడు. ఓర్లిన్ బాబాయి అడగడనుకున్నాను. సందేశం నేదా పిన్ని ఫోనుకి వెళ్తుందని నాకు తెలియదు.”

“మిగతా వాళ్ళు కూడా అడగరనుకున్నావా? యాభై తొమ్మిది మంది. మా అమ్మ వయసువాళ్ళు. వాళ్ళ మొహాలు రేపటి నుంచి ఎలా చూస్తావు?”

స్తోయిల్ ఇప్పుడు ఆమె వైపు తిరిగాడు. అతని మొహంలో తప్పు చేసినవాడి భయం ఉంది గానీ, దాని వెనక ఇంకేదో ఉంది. జాలిలాంటిది. ఎవరి మీదో ఆమెకు వెంటనే అర్థం కాలేదు.

“వెలిచ్కా, నేను పెట్టింది ఒక్క పేరే.”

“మిగతావి?”

“వాళ్ళే వచ్చారు. వాళ్ళ కాళ్ళతో వాళ్ళు. నువ్వు బుధవారం ఉండవని ఊరందరికీ తెలుసు. ఒకళ్ళ మనవడికి పని, ఒకళ్ళ అల్లుడికి షెడ్డు. ఒకళ్ళకి దోబ్రిన్ ఏదో మాటిచ్చాడు, అదేమిటో నాకు చెప్పలేదు. ఆ కుర్చీలోనే కూర్చున్నారు, కళ్ళజోడు తుడుచుకున్నారు, నువ్వు నేర్పినట్టే ఒక్కో మీటా నొక్కారు. పోతూ పోతూ, వెలిచ్కాకి చెప్పకు బాబూ, బాధపడుతుంది అన్నారు. పేర్లు బయటపడతాయని వాళ్ళకు తెలియదు. యాభై తొమ్మిది దగ్గర ఆగిపోయింది. ఒక్కటి తక్కువైంది, అంతే.”

“అబద్ధం,” అంది వెలిచ్కా. కానీ బుధవారాలు గుర్తొచ్చాయి. పొద్దున శ్మశానంలో ఫోన్లు చూసుకుని ఒకళ్ళ తరవాత ఒకళ్ళు నేను కాదంటే నేను కాదన్న మొహాలు గుర్తొచ్చాయి. ఒక్కళ్ళు కూడా ఆమె కళ్ళలోకి చూడలేదు. అది కోపమనుకుంది అప్పుడు.

ఇతను నిజం చెప్తున్నాడా, తన తప్పును యాభై తొమ్మిది మందికి పంచుతున్నాడా? ముప్పై ఒక్క ఏళ్ళుగా తెలిసిన మొహమే. ఈ పూట అందులో ఏదీ చదవలేకపోయింది.

“రేపు సభలో నేను లేచి చెప్తే?”

“చెప్తే ఓర్లిన్ పేరు పోతుంది, విన్నపం పడిపోతుంది, నన్ను తీసుకెళ్తారు. నువ్వు చెప్పకపోతే, అదిగో గేటు దగ్గర నిలబడి చూస్తోంది, నేదా పిన్ని చెప్తుంది, అప్పుడు నీ పేరు కూడా కలుస్తుంది. రెండూ ఆలోచించాను.” అతను జేబులోంచి ఫోన్ తీశాడు. “మూడోది ఒకటుంది. సభ మొదలయ్యేదాకా ఎవరి మద్దతు వాళ్ళు వెనక్కి తీసుకోవచ్చు. ఓర్లిన్ పేరు నేను ఇప్పుడే తీసేస్తాను. ఏదో పొరపాటున సందేశం వెళ్ళిందంటారు. చచ్చినవాడి గొడవ ఉండదు, నీ మీద మాట ఉండదు, నా మీద కేసు ఉండదు. ఖాతాలూ మిగుల్తాయి. నీ ముసలివాళ్ళు రేపు ఇంకో బస్సు అడుక్కోవచ్చు.”

“ఊట?”

స్తోయిల్ ఫోన్ మీద ఏదో నొక్కి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఓర్లిన్ పేరు అప్పటికే పోయింది. లెక్క యాభై తొమ్మిది అని చూపిస్తోంది. దాని కింద పేరు రాయవలసిన గడి ఖాళీగా ఉంది.

“ఒక్క పేరు తక్కువైంది,” అన్నాడు. “బతికున్న మనిషిది కావాలి వెలిచ్కా. ఊట అమ్మమంటుందని ఎవరూ అనుకోని మనిషిది. నీది.”

వాన పెద్దదయింది. గేటు దగ్గర నేదా ఇంకా కదల్లేదు.